రొట్టెకి నానార్థాలు

పదింటికి ఆపరేషన్ గది లోపలికి తీసుకెళ్ళారు, ఇప్పుడు పదీ అయిదు, గంట పడుతుందన్నాడు డాక్టరు. ఒక్క వేలికి గంటా అని అడగబోయి ఊరుకున్నాను. ఎడమకాలి బొటనవేలు, మొదలంటా తీసేస్తారట. మనిషికి మత్తు ఇవ్వరట, పాదం వరకే ఇస్తారట, ఆ పాదానికి అది కూడా దండగే, దానికి తెలివి పోయి ఏడాది దాటింది. మనిషి మెలకువగానే ఉంటారు, బయటికి తేగానే మాట్లాడొచ్చు అంది నర్సు, ఏదో శుభవార్త చెప్పినట్టు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ఆ తలుపంటే భయంగా ఉంది. పూర్తిగా పడుకోబెట్టే మత్తు ఇచ్చి ఉంటే నాకింకో రోజు దొరికేది. ఆయనకి ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఆయనకి ఎప్పటికీ తెలియదు, ఇదీ నా ముందున్నది, ఈ గంటలో తేల్చుకోవాలి. మా ఆయన వేలు పోతున్నది ఆయన నోటివల్ల కాదు, నా చెవివల్ల.

ఏడుపు రావడం లేదు. రావాలి కదా అని రెండుసార్లు వెతుక్కున్నాను, చేతిసంచిలో కళ్ళద్దాలు వెతుక్కున్నట్టు. సంచిలో ఫైలుంది, ఆయన చెప్పులున్నాయి, కాయితంలో చుట్టిన ఆయన ఉంగరం ఉంది, ఏడుపు మాత్రం లేదు. ఎదురుగోడ సగం దాకా ఆకుపచ్చ రంగు, పైన తెల్లసున్నం, రెండూ కలిసేచోట ఎవరో నల్లగీత గీశారు, ఆ గీత తలుపు దగ్గరికి వచ్చేసరికి కొంచెం కిందికి జారింది. నేనయితే మళ్ళీ గీయించేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు టీచరుగా చేశాను, వంకరగీత చూస్తే చెయ్యి ఊరుకోదు. కాంతమణి టీచరు దగ్గర తప్పు దాగదు అనేవారు పిల్లలు, కాపీ కొట్టినవాడు కాగితం ఇచ్చేటప్పుడు నా మొహం చూసేవాడు కాదు. పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు, నానార్థాలు, ఒక మాటకి ఎన్ని అర్థాలుంటాయో బోర్డు మీద రాయించి వల్లె వేయించాను. అందరికీ శకునం చెప్పే బల్లి పోయిపోయి కుడితిలో పడిందట, నా బతుకు అలా ఉంది ఈపూట. నవ్వూ రావడం లేదు.

నిన్న మధ్యాహ్నం ఆయన్ని ఎక్స్‌రేకి తీసుకెళ్ళినప్పుడు వచ్చింది ఆ అమ్మాయి, ఈ ఆసుపత్రిలో షుగరువాళ్ళకి ఏం తినాలో చెప్పే అమ్మాయి. జనగామ పిల్ల, సన్నగా ఉంటుంది, గబగబా మాట్లాడుతుంది. కిందటేడు జూన్‌లో మొదట చెప్పింది కూడా తనే. ఫైలు తిరగేసి, మూడు నెలల సగటు పదకొండు దాటిందేందమ్మా, రాత్రికి సారు రొట్టె తింటలేడా అంది. ఒక్కపూట తప్పలేదమ్మా అన్నాను, నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగానే అన్నాను. "పిండి ఏడ పట్టిస్తున్నరు?" అంది. పిండా, అన్నాను. జొన్నలు కొని పట్టిస్తున్నరా, దుకాణంల పిండే కొంటున్నరా, రంగు చూసి కొనాలె, పాతది చేదుంటది, అని ఏదో చెప్పుకుపోతోంది. నేను ఆ జొన్నలు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. వార్డులో ఎవరో స్టీలుగ్లాసు కింద పడేసుకున్నారు, అది దొర్లుతూ మంచం కిందికి పోయింది, దాన్ని ఎవరూ తియ్యలేదు. ఆ అమ్మాయి ఫైలు మూసి నా వైపు తిరిగింది.

"ఏ రొట్టె పెట్టిన్రమ్మా మీరు?"

చెప్పాను. మా రెజిమెంటల్ బజారు వీధి చివర బేకరీ ఉంది, రోజూ సాయంత్రం అయిదింటికి వేడిగా దిగుతుంది పాలరొట్టె, నలుచదరంగా, మెత్తగా ఉంటుంది, ముక్కలు కోసి ఇస్తారు, అది తెచ్చి పెనం మీద కాల్చి పెట్టాను అన్నాను. ఆ అమ్మాయి పెన్నుకి మూత పెట్టింది, మళ్ళీ తీసింది. అది మైదా అమ్మా అంది. తియ్యగ లేకున్నా లోపలికి పోయినంక చక్కెరే అయితది, ఆ పాలబ్రెడ్డుల చక్కెర సుత కలుపుతరు అంది. తర్వాత నా పక్కన మంచం మీద కూచుని, తప్పు నాదమ్మా, జొన్న అని అనలె, మా దిక్కు రొట్టె అంటే గదే, అంది. పాతికేళ్ళు కూడా ఉండవు తనకి. నేను తన చెయ్యి పట్టుకుని ఓదార్చాను, అదేమిటో, తన తప్పు దిద్దుతున్న టీచరులాగే మాట్లాడాను, ఫర్వాలేదమ్మా, ఇకమీదట వివరంగా చెప్పు అన్నాను. ఆయనకి అప్పటికి వేలు ఉంది.

కిందటేడు ఏం జరిగిందో ప్రతి మాటా గుర్తుంది, అదే దరిద్రం. రాత్రికి అన్నం బంద్ చేసి రొట్టె తినమను అంది ఆ అమ్మాయి. ఈమధ్య గోధుమరంగు బ్రెడ్డు కూడా వస్తోందని విని ఉన్నాను కనుక, తెలివిగా, తెల్లదైనా ఫర్వాలేదా అని అడిగాను. "తెల్లదే మంచిది. పచ్చయి ఈడ దొరకవు. మంచిగ కాల్చి తినిపియ్యి, నూనె గిట్ల రాయకు." తెల్ల జొన్నలు, పచ్చ జొన్నలు అని ఆ పిల్ల లెక్క. పచ్చివి అని విన్నాను నేను, కాల్చకుండా పచ్చిగా తినకూడదు కాబోలు అనుకున్నాను. ఎన్ని తినొచ్చు అంటే, కడుపు నిండేదాక తిననియ్యి, రొట్టె ఎంత తింటరమ్మా, రెండు తింటేనే నిండుతది అంది. అన్నీ అతికినట్టు సరిపోయాయి. ఒక్క మాట, ఒకే ఒక్క మాట తేడాగా వచ్చి ఉంటే అడిగేదాన్ని. తెల్లది, కాల్చినది, నూనె లేనిది, కడుపు నిండా. బయటికి రాగానే ఆయనతో, మనకి బాగా తెలిసిన తిండేనండీ, రొట్టె తినమన్నారు అన్నాను. ఆయన, హమ్మయ్య, బతికించారు అన్నారు.

మాకు రొట్టె అంటే అదే మరి. పాలకొల్లు అవతల మా ఊళ్ళో మా నాన్న యేసురాజు గారు చర్చిలో సంఘపెద్ద, నెలకొకసారి మొదటి ఆదివారం ప్రభువు బల్ల, మనసు శుభ్రం చేసుకుని అందరూ రొట్టెముక్క తీసుకునే ఆరాధన, దానికి రొట్టె తెచ్చేది ఆయనే. శనివారం సాయంత్రం సైకిలు మీద నరసాపురం వెళ్ళి, ఉతికిన తెల్ల తువ్వాల్లో చుట్టుకుని తెచ్చేవారు, దారిలో ఎవరు పలకరించినా సైకిలు దిగేవారు కాదు. రాత్రంతా అది గూట్లో ఉండేది, ఇల్లంతా ఆ వాసన, మేం ముట్టుకోకూడదు. పొద్దున్నే అంచులు కోసేసి చిన్న చిన్న ముక్కలు చేసి వెండి పళ్ళెంలో పెట్టేవారు, ఆ కోసేసిన అంచులు మాకు. నాకు రొట్టె అన్న మాట వినగానే మొదట వచ్చేది ఆ అంచుల రుచే. మినపరొట్టె కూడా ఉంది మా వైపు, దిబ్బరొట్టె, కానీ దాన్ని ఎవరూ ఉత్తినే రొట్టె అనరు. నలభై ఏళ్ళుగా సికింద్రాబాదులో ఉంటున్నాను. వీధి మొదట్లో పెద్దావిడ అరచేతులతో చప్పుడు చేస్తూ జొన్నరొట్టెలు కొట్టి పొయ్యిమీద వేస్తుంటే ఆ పక్కనుంచే రోజూ బడికి వెళ్ళాను, రొట్టెలు చేస్తోంది అని నేనే అనుకునేదాన్ని. ఆ మాట నాకూ తెలుసు. తెలిసి కూడా, డాక్టరు దగ్గర రొట్టె అంటే మా నాన్న సైకిలు మీద తెచ్చిందే అయింది.

పదీ ఇరవై. కాలు మడత పెట్టి కూచున్నానేమో తిమ్మిరెక్కింది, నేలమీద ఆనిస్తే ఎవరిదో కాలులా ఉంది. మా ఆయనకి ఎప్పుడూ ఇలాగే ఉంటుందట. యెషయా అంటే స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో ఇప్పటికీ తెలియనివాళ్ళుండరు, రిటైరయి అయిదేళ్ళయినా పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళి కొత్తగా వేసిన లోకల్ రైలు ఒకటి రెండు చూసి రాకపోతే ఆయనకి తెల్లారదు. మే నెలలో అలా వెళ్ళి వచ్చి బూటు విప్పితే లోపల సీలు వేసే సీసంముక్క, అంచు మొనదేలి ఉంది, మేజోడు బొటనవేలి దగ్గర తడిసి ఎర్రగా ఉంది, ఆ పుండు ఇక మానలేదు. స్టేషనంతా తిరిగి రెజిమెంటల్ బజారు దాకా నడిచి వచ్చారు దానిమీద. నొప్పి తెలియలేదా అంటే, తెలియలేదు మణీ అన్నారు, తప్పు చేసినట్టు. అప్పుడు కూడా నేనేమన్నానంటే, షుగరు తగ్గించుకుంటే కదా తెలిసేది అన్నాను. దొంగతిళ్ళు తినేవాళ్ళకి దేవుడు నొప్పి కూడా తీసేస్తాడు అన్నాను. అన్నాను కదా, ఇప్పుడు దాన్ని మింగలేను.

ఎందుకంటే ఆ ఏడాదంతా నాకు ఒకటే లెక్క. చక్కెర మానిపించాను, టీలో, పాలల్లో. రాత్రి అన్నం మానిపించాను. రొట్టె ఔషధం అన్నారు కదా అని పొద్దున ఇడ్లీ కూడా మానిపించి రొట్టే పెట్టాను, సాయంత్రం ఆకలంటే మళ్ళీ అదే. కాల్చి, నూనె లేకుండా, మంచిది కదా తినండి తినండి అని. సగం రొట్టె అయిపోయేది పూటకి, అది కడుపు ఎక్కడ నింపుతుంది, ఇంకో రెండు ముక్కలు వేసేదాన్ని. ఒకసారి ఆయన నెమ్మదిగా, ఇది కొంచెం తియ్యగా ఉంటుంది కదా మణీ అన్నారు. మీ నాలుకే తీపికి అలవాటు పడింది అన్నాను. చదువుకున్న అమ్మాయి చెప్పిందానికన్నా మీకెక్కువ తెలుసా అన్నాను. పరీక్ష చేయిస్తే రెండొందల నలభై, తర్వాత రెండొందల తొంభై. నేను పెట్టేది మందు, అయినా జబ్బు పెరుగుతోంది, అంటే ఆయన బయట తింటున్నారు. ఇంతకన్నా తిన్నని తర్కం ఏ క్లాసులోనూ చెప్పలేదు నేను. జేబులు వెతికాను. రుమాలు వాసన చూశాను. ఒకరోజు చొక్కా జేబులో బిస్కెట్టు పొడి దొరికింది, స్టేషన్‌లో కుక్కకి వేస్తున్నాను అన్నారు. కుక్కా, అన్నాను. నల్లకుక్క, మూడు కాళ్ళమీద నడుస్తుంది పాపం అన్నారు. మూడు కాళ్ళ కుక్క అనేసరికి నాకు ఇంకా అనుమానం గట్టిపడింది, అబద్ధం చెప్పేవాళ్ళే అంత వివరం చెప్తారని.

కుక్క ఉందో లేదో వెళ్ళి చూసి రాలేదు. అర కిలోమీటరు.

నవంబరులో మా పాస్టరుగారు ప్రభుదాస్ అయ్యగారు ఇంటి ప్రార్థనకి వచ్చారు. ప్రార్థన అయ్యాక టీ ఇచ్చి, మా ఆయన ఎదురుగానే చెప్పాను, అయ్యగారూ, ఈయన చాటున తీపి తింటున్నారు, నాతో అబద్ధమాడుతున్నారు, మీరైనా చెప్పండి అని. అయ్యగారు మంచివాడే, మా కన్నా చిన్నవాడు, ఇబ్బందిపడ్డాడు. శరీరం దేవుని ఆలయం కదండీ, దాచుకుంటే బరువు, ఒప్పుకుంటే తేలిక, అని ఏదో అన్నాడు. మా ఆయన కుర్చీలో చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచున్నారు. నేను గెలవాలని చూస్తున్నాను. అదీ నిజం. ఆయన బాగుపడాలని కాదు, ఆ క్షణాన గెలవాలనే చూస్తున్నాను. చివరికి, తిన్నానండి అన్నారు. ఏం తిన్నారు అన్నాను నేను, వదలకుండా. ఆయన తడుముకున్నారు. జీళ్ళు అన్నారు. ఎక్కడ? స్టేషన్ దగ్గర.

సికింద్రాబాదు స్టేషన్ దగ్గర జీళ్ళా. బెల్లంపాకం మేకుకి వేసి లాగి చేసే జీళ్ళు మా గోదావరి తీర్థాల్లో దొరుకుతాయి, ఆయన చిన్నప్పుడు తిన్నవి. ఇక్కడ ఏం మిఠాయి అమ్ముతారో, దేని పేరు ఏమిటో కూడా ఆయనకి తెలియలేదు, ఒక్కటీ నోట్లో వేసుకోలేదు కనుక. అబద్ధం చెప్పడానికి కూడా ఆయన దగ్గర సరుకు లేక యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నారు. కాపీ కొట్టిన పిల్లల్ని నడక చూసి పట్టుకున్నదాన్ని, ఇది పట్టుకోలేకపోయాను. పట్టుకోవాలనుకోలేదేమో. అయ్యగారు మళ్ళీ ప్రార్థన చేశారు. ఆ రాత్రి నేను ఎంత హాయిగా నిద్రపోయానో గుర్తుంది. ఆయన నిద్రపోయారో లేదో గుర్తులేదు, చూడలేదు.

ఆ తర్వాత నుంచి మొదటి ఆదివారం బల్ల దగ్గరికి అందరూ వెళ్ళేటప్పుడు ఆయన లేవడం మానేశారు. అందరూ వరుసగా కదులుతుంటే మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చి కూచునేవారు. ఏమండీ అంటే, షుగరు కదా అన్నారు. గోరంత ముక్క అది, అయినా మంచిదే లెండి, ఇప్పటికైనా భయం వచ్చింది అనుకుని, నేను వెళ్ళి చెయ్యి చాపేదాన్ని. మా చర్చికి రొట్టె వచ్చేది కూడా మా వీధి చివరి బేకరీ నుంచే.

పక్కన ఇందాకటినుంచీ కూచున్నావిడ టిఫినుడబ్బా మూత తీసింది, ఉప్మా వాసన. నూకరత్నం అట పేరు, విజయనగరం వైపు వాళ్ళు, రాంగోపాల్‌పేటలో ఉంటారట, వాళ్ళాయన సన్యాసిరాజు గారికి కిడ్నీలో రాయట, తనే అన్నీ చెప్పింది. ఏటమ్మా, పొద్దుట్నుంచీ ఏటీ తిన్నట్టు లేరు, కాసింత తినండి అని మూతలో పెట్టి ఇచ్చింది. తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. చేతికి మూత వేడిగా తగిలింది, తగిలిందని తెలిసింది, నాకింకా తెలుస్తోంది అనుకున్నాను. మీ ఆయనకేటయింది అంది. షుగరు, వేలు తీసేస్తున్నారు అన్నాను. అయ్యో అంది, మనస్ఫూర్తిగానే అంది. తర్వాత లోకమంతా అనే మాటే అంది.

"తీపి ఒగ్గలేదేటమ్మా?"

ఏడాదిపాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నేను చెప్పిన జవాబు నాలుక చివరే ఉంది. పార్సిల్ ఆఫీసు కామరాజు గారికి చెప్పాను, మా ఆడపడుచు డోరాకి ఫోన్‌లో చెప్పాను, పాలవాడికి కూడా చెప్పాను, ఎక్కడ మానతారండీ మగాళ్ళు, అని. ఈసారి ఆ జవాబు రాలేదు. "ఒగ్గేశారండీ. ఆయన ఏమీ తినలేదు. నేను పెట్టిందే తిన్నారు" అన్నాను. ఆవిడ అర్థంకాక నా మొహం చూసి, ఏటి పెట్టేరేటి అని అడగలేదు, ఉప్మా చల్లారిపోతాది తినండి అంది. బయటికి అన్నది మొదటిసారి. ఆకాశం ఏమీ ఊడిపడలేదు, ఆవిడ వేలు నాకుతూ డబ్బా అడుగు గీకుతోంది. ఎవరో తెలియని మనిషికి చెప్పడం తేలికే.

ఆయనకి చెప్పకపోతే ఏమవుతుంది. జొన్నరొట్టెలు మొదలుపెడతాను, ఆ అమ్మాయి రాసిచ్చిన కాగితం ఫైలులో ఉంది, ఈసారి ప్రతి మాటా విడమరచి రాసింది, జొన్నపిండి రొట్టె రెండు, పెసరట్టు బియ్యం కలపకుండా, ఉడకబెట్టిన సెనగలు, గుడ్డు, ఆకుకూర ఎక్కువ, బ్రెడ్డు వద్దు, బన్ను వద్దు, రస్కు వద్దు, రవ్వ వద్దు. వద్దు అన్న వాటికింద రెండు గీతలు. కొత్త డైటు ఇచ్చారండీ అంటే చాలు, ఆయన ఎందుకు అని అడగరు. షుగరు దిగుతుంది. చూశారా, దొంగతిండి మానేశారు దిగింది అని అందరూ అంటారు, ఆయన తల ఊపుతారు, నేను ఊరుకుంటాను. నా పరువు నాకుంటుంది. కాంతమణి టీచరు దగ్గర తప్పు దాగదు. డాక్టరుకి ఆ అమ్మాయే చెప్పిందట, నిన్న సాయంత్రం డాక్టరు నన్ను పిలిచి, ఒక్క రొట్టెవల్లే కాదమ్మా, పదహారేళ్ళ జబ్బు, నరాలు ముందే పోయాయి, కాళ్ళు రోజూ చూసుకోవాల్సింది, అన్నాడు. మంచి మాటే. ఆ మాట పట్టుకుని ఒడ్డున పడొచ్చు. కానీ ఆ డాక్టరే మొన్న ఆయన్ని, ఏం పెద్దాయనా నోరు కట్టుకోలేకపోయావా అని అడిగినప్పుడు, ఆయన డాక్టరు వైపు చూడలేదు, నా వైపు చూశారు. అవునని చెప్పనా, కాదని చెప్పనా అని నన్ను అడుగుతున్నట్టు చూశారు. నేను ఫైలులో కాగితాలు సర్దుతున్నాను. అప్పుడాయన, అవునండి అన్నారు.

పప్పులో కాలేసింది నేను, వేలు పోయేది ఆయనది. ఈ మాట అనుకోగానే నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పుడు కూడా సామెతేనా అని. ఇంకేం చేతనవును నాకు. చెప్తే ఏమంటారు. ఒకప్పుడు ఆయనకీ కోపం వచ్చేది, పెళ్ళయిన కొత్తలో పార్సిలు తడిసిందని ఎవరో మాట అంటే అన్నం కంచం తోసేశారు. ఈ ఏడాదిలో ఆ మనిషి ఎటు పోయాడో. నా వేలు తిన్నావు కదే అంటారా. అంటే బావుండు. అనాలి. గట్టిగా, నర్సులు పరిగెత్తుకొచ్చేలా అనాలి, నేను ఈ గోడకి ఆనుకుని వినాలి, అప్పుడైనా ఈ బిగుసుకుపోయింది కరుగుతుందేమో. లేదూ, పోనీలే, నువ్వు తెలిసి చేశావా అంటే? అదే అంటారనిపిస్తోంది. అదంటే నేను భరించలేను. క్షమిస్తారని భయపడి చెప్పకుండా దాచడం, ఇది ఏ పాపం కిందికి వస్తుందో అయ్యగారినే అడగాలి.

ఉప్మా ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రవ్వ, ఇది కూడా కాగితంలో వద్దు అన్న వరసలోదే. ఉప్పు ఉందో లేదో తెలియలేదు. పదీ యాభై అయిదు. తలుపు తెరుచుకుంది.

చక్రాల మంచం మీద ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు. పాదానికి తెల్లకట్టు, ఎంత పెద్ద కట్టో, తీసేసిన దానికన్నా కట్టిందే ఎక్కువ. నన్ను చూసి, తిన్నావా అన్నారు. నా ఒళ్ళో మూత ఉంది, నూకరత్నం గారు దాన్ని నా చేతిలోంచి తీసేసుకుని, వెళ్ళండమ్మా అంది. గదిలోకి తోసుకెళ్ళారు, బీపీ చూశారు, సీసా తగిలించారు, నీళ్ళు అరగంట దాకా ఇవ్వకండి అన్నారు, వెళ్ళిపోయారు. కిటికీ అవతల పద్మారావు నగర్ పార్కులోంచి ఎవరో పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తున్నారు. నేను కూచోలేదు. మంచం పక్కన నిలబడి, క్లాసులో పాఠం చెప్పినట్టు మొదటినుంచీ చెప్పేశాను. రొట్టె అంటే మనది కాదటండీ, జొన్నరొట్టెటండీ, ఆ అమ్మాయి చెప్పింది ఒకటి, నేను విన్నది ఒకటి. ఏడాదంతా మీకు నేను పెట్టింది మైదా, చక్కెర. మందనుకుని పెట్టాను. మీరు తినలేదు, నేనే తినిపించాను. షుగరు పెరిగింది దానికే. మిమ్మల్ని దొంగని చేశాను. గొంతు వణకలేదు, ఒక్క అక్షరం తప్పలేదు, అది నాకు సిగ్గుగా ఉంది.

ఆయన పైకి చూస్తూ విన్నారు. సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి. నేను అనుకున్నవేవీ ఆయన అనలేదు, కోపమూ లేదు, పోనీలే అనీ అనలేదు. వేలి మాటే ఎత్తలేదు.

"అయితే నేను తినలేదని నీకు తెలిసింది" అన్నారు.

తెలిసిందండీ అన్నాను. ఆయన దుప్పటి మీద చెయ్యి నెమ్మదిగా జరిపి నా చీరకొంగు అంచు పట్టుకున్నారు, లాగలేదు, ఊరికే పట్టుకున్నారు.

"మరి ఆ జీళ్ళ సంగతి అయ్యగారికి నువ్వు చెప్తావా మణీ? ప్రార్థనలో కూచుని అబద్ధం ఆడాను కదా. ఆ నోటితో బల్ల దగ్గరికి ఎలా వెళ్ళను. ఎనిమిది నెలలయింది."

షుగరు కదా అన్నారు నాతో. నేను నమ్మాను. ఆయన చెప్పిన నిజాలన్నీ వదిలేసి అదొక్కటి నమ్మాను. చెప్తానండీ అన్నాను. అన్నాననుకున్నాను, మాట బయటికి రాలేదు, కళ్ళలోంచి ఏదో ధారగా దిగుతోంది, మెడ దాకా తడిసింది. ఆయన నాకు వినబడలేదనుకున్నారు. తల నా వైపు తిప్పి, కాస్త గట్టిగా, చెప్తావా అని మళ్ళీ అడిగారు.